బ్యాటరీని తిట్టే ముందు గోడను చూడండి



ఈరోజు మన ఇళ్లలోని ల్యాప్‌టాప్ గురించి, అది చార్జింగ్ ఎక్కనని మొండికేసినప్పుడు ఏం చేయాలన్న దాని గురించి మాట్లాడుకుందాం. అశోక్ చౌక్, కన్నా చౌక్, సాఖర్ పేట్, దాజీ పేట్, భవానీ పేట్, ఊరి అవతల కుంభారి దగ్గరి విడి ఘర్‌కుల్. షోలాపూర్ తూర్పు భాగంలో మన తెలుగువాళ్లు సాంచెలు, అంటే మరమగ్గాలు నడుపుతూ, బీడీలు చుడుతూ బతుకుతున్న ఈ పేటల్లో ఇప్పుడు ల్యాప్‌టాప్ లేని వీధి లేదు. పిల్లల చదువుకు ఒకటి, కార్ఖానాలో జీఎస్టీ లెక్కలకు ఒకటి, టవల్ మీద, చద్దరు మీద వేసే డిజైన్‌కు ఒకటి. 2020లో బడులు మూతపడి పాఠాలు తెర మీదికి వచ్చినప్పుడు, అప్పటిదాకా ఫోనుతో నెట్టుకొచ్చినవాళ్లు కూడా ఎలాగోలా ఒక పాత ల్యాప్‌టాప్ సంపాదించాలని తిరిగారు.

పాతది అనే మాట ఊరికే అనలేదు. మన పేటల్లో ఎక్కువగా కనిపించేవి డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేస్తే, సెకండ్‌హ్యాండ్ బజారు మీదుగా మన దాకా వచ్చేవి. గట్టి మిషన్లే, అందులో సందేహం లేదు. కానీ లోపలి బ్యాటరీ అప్పటికే సగం వయసు దాటి ఉంటుంది. పక్కన ఇచ్చిన అడాప్టర్ చాలాసార్లు దానితో పుట్టింది కాదు, ఎక్కడిదో ఒకటి జత చేసింది. అందుకే కొన్న ఆరు నెలలకో ఏడాదికో చార్జింగ్ గొడవ మొదలవుతుంది.

నేను ఈ పేటల్లోనే రిపేరు బల్ల ముందు కూర్చునే మనిషిని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రోగం పేరు కూడా తామే చెప్పేస్తారు. "అన్నా, బ్యాటరీ ఖతమైంది, కొత్తది ఎంతయితది?" అని. అలా వచ్చినవాటిని విప్పి చూస్తే, బ్యాటరీ బాగానే ఉండి వేరెక్కడో తప్పు ఉన్నవి ఎన్నో. రోజంతా బీడీలు చుట్టిన చేతులతో పైసా పైసా కూడబెట్టి తెచ్చిన రెండు మూడు వేలు, అవసరం లేని బ్యాటరీ మీద పోతే నాకు నిజంగా కడుపు మండుతుంది. ఆ డబ్బు కాపాడటానికే ఈ ప్రసంగం.

బట్టలో గీత పడితే మనవాళ్లు ఏం చేస్తారు? సాంచె మార్చరు. పడుగు వెంట వెనక్కి పోయి, పోగు తెగిన చోటు పట్టుకుంటారు. ఇక్కడా అంతే చేయాలి. కరెంటు గోడలో మొదలై బ్యాటరీలో ఆగుతుంది. దారిలో సాకెట్, వైరు, అడాప్టర్, పిన్ను, లోపలి బోర్డు ఉన్నాయి. బ్యాటరీ అన్నింటికన్నా చివరిది. మనం మాత్రం అనుమానాన్ని అక్కణ్నుంచే మొదలుపెడతాం.

ముందు గోడ. అదే సాకెట్‌లో ఫోను చార్జర్ పెట్టి చూడండి. ఫోను ఎక్కుతుంటే సాకెట్‌లో కరెంటు ఉన్నట్టే. ప్లగ్ పెట్టగానే వదులుగా ఊగుతుంటే, చిటపటమని చప్పుడు వస్తుంటే, చుట్టూ నల్లగా మాడి ఉంటే ఆ సాకెట్ మార్చాల్సిందే. తర్వాత అడాప్టర్ ఇటుక లాంటి దిమ్మలోకి దూరే మూడు కన్నాల వైరు. అది దూరినట్టే కనిపిస్తుంది, నిజానికి సగమే దూరి ఉంటుంది. గట్టిగా లోపలికి నొక్కండి. ఇంత చిన్న పనితో మళ్లీ ప్రాణం పోసుకున్న ల్యాప్‌టాప్‌లను నేను చాలా చూశాను. అది చెప్పినందుకు ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు కూడా.

గోడ దగ్గరే ఇంకొంచెం సేపు ఆగాలి. మన పేటల్లోని సంగతి వేరే ఊళ్లలాంటిది కాదు. ఒకే కప్పు కింద ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో కాపురం ఉన్న ఇళ్లు మనవి. సాంచె మోటారు మొదలయ్యే క్షణంలో, అది మామూలుగా నడిచేటప్పుడు లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. బల్బు ఒక్కసారి మసకబారి తేరుకోవడం మీరంతా చూసిందే. "ఆ దెబ్బకే నా చార్జర్ పోయింది" అంటారు కొందరు. కాదు. మీ అడాప్టర్ వెనక చీటీ చదవండి, ఇన్‌పుట్ అని ఉన్నచోట 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది. వోల్టేజి 180కి పడినా, 150కి పడినా అది తట్టుకుంటుంది. తగ్గిన వోల్టేజి దానికి శత్రువు కాదు.

శత్రువు వేరే ఉంది. న్యూట్రల్ వైరు వదులవడం. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న కార్ఖానాలో ఒక ఫేజు నుంచి ఇంటికి కరెంటు తీసుకుంటాం. న్యూట్రల్ గట్టిగా ఉన్నంతసేపు ఇంట్లోకి 230 వోల్టులే వస్తాయి. అది తుప్పు పట్టో, స్క్రూ వదులయ్యో తెగిందంటే, ఒక ఫేజు మీద భారం ఎక్కువ, ఇంకో ఫేజు మీద తక్కువ ఉన్నప్పుడు తక్కువ ఉన్న వైపు వోల్టేజి 300 దాటి, 400 దాకా కూడా ఎగబాకుతుంది. బల్బులు కొన్ని మిరుమిట్లు గొలిపేలా వెలిగి, కొన్ని గుడ్డిదీపాల్లా మారితే అది న్యూట్రల్ తెగిన గుర్తు. ఆ సమయంలో గోడకు పెట్టి ఉన్న టీవీ, ఫోను చార్జర్, ల్యాప్‌టాప్ అడాప్టర్ అన్నీ వరసగా పోతాయి. ఒకే రాత్రి ఇంట్లో రెండు మూడు వస్తువులు కాలితే రిపేరు షాపుకు కాదు, ముందు ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోవాలి. లేకపోతే కొత్త అడాప్టర్ కూడా అదే దారి పడుతుంది. మెయిన్ బోర్డులో న్యూట్రల్ స్క్రూలు ఏడాదికి ఒకసారైనా తెలిసినవాడితో బిగించుకోండి. మీరు స్వయంగా చేయి పెట్టకండి.

గోడలో ఇంకొకటి ఎర్త్. ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉన్నప్పుడు దాని లోహపు అంచు మీద వేలు ఆనిస్తే జివ్వుమంటోందా? అడాప్టర్ లోపల విద్యుత్ నాయిస్‌ను అణచడానికి పెట్టిన చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే అతి తక్కువ కరెంటు అది. ఎర్త్ ఉంటే భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేలి గుండా పోతుంది. మూడు పిన్నుల ప్లగ్‌ను రెండు పిన్నుల ముక్కలో గుచ్చి వాడుతున్నప్పుడు ఇది తప్పకుండా ఉంటుంది. చంపేంత షాకు కాదు కానీ, ఎర్త్ లేని ఇంట్లో నిజంగా ఏదైనా వైరు లోహానికి తగిలిన రోజున కాపాడేదేమీ ఉండదు. 2024 జనవరిలో షోలాపూర్ దగ్గరి రాయ్‌నగర్‌లో బీడీ కార్మికులు, మరమగ్గాల కార్మికులు లాంటివాళ్లకు 15,000 ఇళ్లు చేతికొచ్చాయి. అక్కడ చేరినవాళ్లకైనా, పాత చాళ్లలో ఉన్నవాళ్లకైనా ఒకటే మాట. సాకెట్‌లో పై కన్నం పెద్దదిగా ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. పరీక్ష చేయించండి.

ఇక అడాప్టర్. చాలావాటి మీద చిన్న దీపం ఉంటుంది. గోడకు పెట్టగానే వెలిగి, ల్యాప్‌టాప్‌కు గుచ్చగానే ఆరిపోయి, పీకగానే మళ్లీ వెలుగుతోందా? అయితే అడాప్టర్ తనను తాను కాపాడుకుంటోంది. ల్యాప్‌టాప్ బోర్డులోనో, గుచ్చే పిన్ను దగ్గరో షార్ట్ ఉంది. బ్యాటరీ కొంటే లాభం లేదు. అసలు గోడకు పెట్టినా దీపం రాకపోతే, మూడు కన్నాల వైరు మార్చి చూసి, అప్పటికీ రాకపోతే అడాప్టర్ పోయినట్టు. వైరును ఒక కోణంలో పట్టుకుంటే ఎక్కుతూ, వదిలితే ఆగుతుంటే లోపల తీగ తెగుతోంది. పిన్నుకు నాలుగు వేళ్ల దూరంలోనో, దిమ్మ నుంచి బయటికి వచ్చే చోటో సాధారణంగా తెగుతుంది. వైరును దిమ్మ చుట్టూ బిగించి చుట్టి సంచిలో కుక్కడమే దానికి కారణం. వదులుగా, పెద్ద చుట్టలుగా చుట్టండి.

కార్ఖానాలో ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు ఉంటుంది కదా, దానితో అడాప్టర్ కొనను చూడొచ్చు. కానీ ఒక జాగ్రత్త. డెల్ అడాప్టర్ కొనలో నడుమ సన్నని సూది ఉంటుంది. మీటరు పుల్లను ఆ సూదికి తగిలించి "ఇందులో వోల్టేజి లేదు" అని మంచి అడాప్టర్‌ను పారేసినవాళ్లున్నారు. అది కరెంటు తెచ్చే సూది కాదు. నేను ఫలానా అడాప్టర్‌ను, నాకు ఇన్ని వాట్ల బలముంది అని ల్యాప్‌టాప్‌కు చెప్పే సూది. కరెంటు కొనలు దాని చుట్టూ ఉన్న గొట్టం లోపలి గోడలో ఒకటి, బయటి గోడలో ఒకటి ఉంటాయి. ఆ రెంటి మధ్య 19 వోల్టులకు పైన చూపించాలి. ఆ సూది వంగినా, విరిగినా, లేదా ఆ గుర్తింపు లేని చవక అడాప్టర్ పెట్టినా డెల్ మిషన్ ఆన్ అవుతుంది, పని చేస్తుంది, కానీ నెమ్మదిస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క రాస్తుంది. దాన్ని చదవకుండా ఎంటర్ కొట్టేసి, తర్వాత బ్యాటరీని తిడతాం.

అడాప్టర్ వేరొకరిది పెట్టేటప్పుడు చీటీలో అవుట్‌పుట్ అన్నచోట చూడండి. వోల్టులు సరిపోవాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా ఎక్కువ ఉండాలి. ఎక్కువ ఉంటే కాలిపోతుందన్న భయం అక్కర్లేదు, ల్యాప్‌టాప్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువ ఉంటేనే ఇబ్బంది. 65 వాట్లు అడిగే మిషన్‌కు 45 వాట్ల అడాప్టర్ పెడితే, ఆఫ్ చేసి వదిలినప్పుడు ఎక్కుతుంది, వాడుతుంటే గోడకు పెట్టి ఉన్నా దిగుతుంది. ఈ లక్షణం కనిపిస్తే మొట్టమొదట చీటీ చదవండి.

కొత్త మిషన్లలో టైప్-సీ వచ్చింది. చూడటానికి ఫోను చార్జర్ కొనలాగే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఏది దొరికితే అది గుచ్చుతున్నాం. టైప్-సీలో ల్యాప్‌టాప్, చార్జర్ రెండూ ముందు మాట్లాడుకుంటాయి. ల్యాప్‌టాప్ 20 వోల్టులు కావాలంటుంది. ఐదు, తొమ్మిది వోల్టులే ఇవ్వగల ఫోను చార్జర్ నా వల్ల కాదంటుంది. అప్పుడు ఎక్కదు, లేదా రాత్రంతా పెడితే నాలుగు గింజలు ఎక్కుతుంది. కేబుల్‌లోనూ తేడా ఉంది. మూడు ఆంపియర్లకు మించి మోయాలంటే దాని కొనలో ఒక గుర్తింపు చిప్ ఉండాలి. పైగా మిషన్‌కు రెండు టైప్-సీ కన్నాలుంటే రెండూ చార్జింగ్ తీసుకుంటాయని లేదు. పక్కన ప్లగ్ బొమ్మ ఉన్న దానిలో గుచ్చండి.

ఆ కన్నంలోకి టార్చి వేసి చూడండి. దూది పీచు. మన పేటల్లో గాలిలో తేలే ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతుందని మనకు ఎప్పటినుంచో తెలుసు. కన్నంలోకీ పోతుంది. గుచ్చిన ప్రతిసారీ కొన దాన్ని వెనక్కి తోసి గట్టిపరుస్తుంది. కొన్నాళ్లకు పిన్ను చివరిదాకా దూరదు. మిషన్ ఆఫ్ చేసి, చార్జర్ తీసేసి, చెక్క పుల్లతో మెల్లగా లాగండి. సూది, పిన్నీసు లాంటి లోహం పెట్టొద్దు.

ఈ పీచు చేసే అసలు నష్టం ఇంకా లోపల ఉంది. సాంచెల పక్క గదిలో వాడే ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పుతాను. ఫ్యాను రెక్కలు బాగానే కనిపిస్తాయి. ఫ్యాను పక్కన రాగి గొట్టం, దాని చివర పల్చటి రేకుల వరస. వేడి బయటికి పోయేది ఆ రేకుల సందుల్లోంచే. ఫ్యాను మూత తీస్తే, ఫ్యానుకూ ఆ రేకులకూ మధ్య పీచు ఒక గట్టి పట్టీలా అతుక్కుని ఉంటుంది. చిమటాతో ఒక మూల పట్టి లాగితే తెగకుండా ఒకే ముక్కగా ఊడి వస్తుంది. దాని రంగు చూస్తే ఆ ఇంట్లో ఈ మధ్య ఏం నేశారో చెప్పొచ్చు. టవల్ నేసే ఇంటిదైతే తెల్లగా, చద్దర్లు నేసే ఇంటిదైతే మధ్యలో ఎర్ర, ఆకుపచ్చ పోగుల నలకలతో. అది అడ్డుపడ్డాక ఫ్యాను ఎంత తిరిగినా గాలి బయటికి పోదు. మిషన్ కాగుతుంది. కాగిన మిషన్‌లో బ్యాటరీ ఒక పక్కన ఉడుకుతూ ఉంటుంది.

వేడి బ్యాటరీకి ఎంత చెరుపో చెప్పాలంటే ఒక లెక్క చాలు. బ్యాటరీల గురించి అందరూ వాడే ఒక పట్టిక ఉంది. లిథియం-అయాన్ బ్యాటరీని నిండా ఎక్కించి 25 డిగ్రీల్లో ఏడాది ఉంచితే 80 శాతం సత్తువ మిగులుతుంది. అదే 40 డిగ్రీల్లో అయితే 65 శాతమే. నిండా కాకుండా 40 శాతం ఎక్కించి ఉంచితే 40 డిగ్రీల్లో కూడా 85 శాతం మిగులుతుంది. షోలాపూర్ ఎండాకాలం, రేకుల కప్పు కింద గది, నిండా ఎక్కి ఇరవై నాలుగు గంటలూ గోడకు తగిలించి ఉన్న ల్యాప్‌టాప్. ఈ మూడూ కలిస్తే బ్యాటరీ ఏం కావాలి?

ఏప్రిల్, మే నెలల్లో నా దగ్గరికి ఒక రకం ఫిర్యాదు వస్తుంది. "పొద్దున ఎక్కుతది, మధ్యాహ్నం ఎక్కదు, రాత్రి మళ్ల ఎక్కుతది." బ్యాటరీ చెడిపోయిందని అనుకుంటారు. చెడిపోలేదు, తెలివిగా ఉంది. బ్యాటరీ పెట్టెలో వేడిని కొలిచే చిన్న భాగం ఉంటుంది. లోపల సుమారు 45 డిగ్రీలు దాటితే చార్జింగ్ ఆపేయమంటుంది, ఆ వేడిలో ఎక్కిస్తే లోపలి పదార్థం పాడవుతుంది కనుక. బయట 42 డిగ్రీలున్న రోజున, పరుపు మీదో, మడత పెట్టిన చద్దరు మీదో పెట్టి వాడుతుంటే బ్యాటరీ 50 దాటడం పెద్ద విషయం కాదు. దానికి మందు కొత్త బ్యాటరీ కాదు. చెక్క పలక మీద పెట్టడం, పీచు శుభ్రం చేయించడం, మధ్యాహ్నం కాకుండా తెల్లవారుజామున ఎక్కించుకోవడం. సాంచెల పక్కన వాడేవాళ్లు ఆరు నెలలకోసారి, దూరంగా వాడేవాళ్లు ఏడాదికోసారి ఫ్యాను శుభ్రం చేయించుకుంటే చాలు.

ఇప్పుడు కనబడని కారణాలకు వద్దాం. ఒక చెల్లెలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చింది. బీకాం చదువుతోంది, తల్లి బీడీలు చుడుతుంది. అంతకుముందు ఒక షాపులో చూపిస్తే బ్యాటరీ పోయింది, మార్చాలి అన్నారట. "అన్నా, 60 దగ్గర ఆగిపోతది, ఎంత సేపు పెట్టినా ఒక్కటి ఎక్కదు" అంది. అది లెనోవో. లెనోవో వాంటేజ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూస్తే కన్జర్వేషన్ మోడ్ ఆన్‌లో ఉంది. బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలని 60 దగ్గరో, కొత్తవాటిలో 80 దగ్గరో కావాలనే ఆపే ఏర్పాటు అది. మొదట వాడినవాళ్లెవరో ఆన్ చేసి పెట్టి ఉంటారు. ఒక మీట జరిపితే 61, 62 అని ఎక్కడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ముఖం చూడాలి. ఇలాంటి ఏర్పాటు ఏసస్‌లో ఉంది, డెల్‌లో ఉంది, హెచ్‌పీలో బయోస్ లోపల ఉంది. కాబట్టి 60, 80 లాంటి ఒకే అంకె దగ్గర ప్రతిసారీ ఆగుతుంటే అది జబ్బు కాదు, ఎవరో పెట్టిన హద్దు. నిజం చెప్పాలంటే, ఎప్పుడూ గోడకు పెట్టే వాడుకునేవాళ్లు ఆ హద్దును అలాగే ఉంచుకోవడం మంచిది.

అలాగే 95 దగ్గర ఉన్నప్పుడు చార్జర్ పెడితే కొన్ని ఎక్కించుకోవు, ఇంకొంచెం దిగాకే మొదలుపెడతాయి. 80 దాకా గబగబా ఎక్కి, మిగతా 20కి గంట తీసుకోవడం కూడా మామూలే. ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గరికి చేరాక కరెంటును తగ్గించుకుంటూ పోవాలి, లేకపోతే సెల్ దెబ్బతింటుంది.

ఏ కారణమూ లేకుండా ఒక్కసారిగా చార్జింగ్ ఆగిపోయినా, అసలు ఆన్ కాకపోయినా ఒక పని చేయండి. చార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటికి వచ్చే రకమైతే అదీ తీసేయండి. పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. తర్వాత చార్జర్ పెట్టి ఆన్ చేయండి. చార్జింగ్‌ను నడిపించే చిన్న చిప్ మొరాయించి ఉంటే ఇలా తేరుకుంటుంది. విండోస్‌లోనే చిక్కు ఉంటే, డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ అన్న చోట ఏసీపీఐ కంట్రోల్ మెథడ్ బ్యాటరీ అని ఉన్న దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి, మిషన్‌ను మళ్లీ ఆన్ చేస్తే అదే తిరిగి వేసుకుంటుంది. పక్కనున్న ఏసీ అడాప్టర్ అన్న దాని జోలికి పోనక్కర్లేదు.

ఇంతదాకా అన్నీ సరిగా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు బ్యాటరీ వంతు. అదీ గాలిలో చెప్పొద్దు, లెక్క తీసి చెప్పాలి. విండోస్ మిషన్‌లో స్టార్ట్ నొక్కి, సి, ఎం, డి అని కొట్టి ఎంటర్ నొక్కితే నల్ల కిటికీ వస్తుంది. కాగితం మీద రాసుకోండి. పి, ఓ, డబ్ల్యూ, ఈ, ఆర్, సి, ఎఫ్, జి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, కుడివైపు వాలిన గీత, అంటే స్లాష్ కొట్టి, బ్యాటరీరిపోర్ట్ అన్నది ఇంగ్లీషులో మధ్యలో ఖాళీ లేకుండా కలిపి కొట్టండి. ఎంటర్ నొక్కితే ఒక ఫైలు తయారై, అది ఎక్కడ ఉందో కూడా చెబుతుంది. తెరిస్తే అందులో రెండు అంకెలు మనకు ముఖ్యం. డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పుడు పట్టిన బలం. ఫుల్ చార్జ్ కెపాసిటీ అంటే ఇవాళ పడుతున్న బలం. మొదటిది 48,000 ఉండి రెండోది 40,000 ఉంటే బ్యాటరీకి ఢోకా లేదు. 24,000కు వచ్చిందంటే సగం అరిగింది, గంటన్నర వచ్చేది ముప్పావు గంట వస్తుంది. 15,000 దగ్గరుంటే మార్చే ఆలోచన చేయొచ్చు. సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఈ రిపోర్టు అక్కడే, అమ్మేవాడి ముందే తీయమనండి. సిగ్గుపడకండి. టవల్ కొనేవాడు పోగులు లెక్కబెట్టి చూడడా? ఇదీ మన హక్కే.

30 శాతం చూపిస్తూ చూపిస్తూ ఠక్కున ఆరిపోతుంటే రెండు కారణాలుండొచ్చు. లోపల వరసగా కలిపిన మూడు సెల్స్‌లో ఒకటి నీరసించింది, అది పడిపోగానే మొత్తం ఆగుతుంది. లేదా కొలిచే లెక్క తప్పింది. ఒకసారి నిండా ఎక్కించి, దానంతటదే ఆగేదాకా వాడి, మళ్లీ ఆపకుండా నిండా ఎక్కించండి. లెక్క తప్పు అయితే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే సెల్ పోయినట్టే. ఇలా నిండా దించడం రోజూ చేయొద్దు, బ్యాటరీకి మంచిది కాదు. "సున్నా దాకా వాడి ఎక్కించాలె" అన్నది పాత నికెల్ బ్యాటరీల నాటి మాట. 1991లో సోనీ బజారులోకి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీకి ఆ నియమం వర్తించదు. 20కి, 80కి మధ్య తిరిగితే దానికి హాయి.

మార్చాల్సి వస్తే మోడల్ నంబరు మిషన్‌ది కాదు, బ్యాటరీ మీద రాసినదే పట్టుకుపొండి. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో రెండు రకాల బ్యాటరీలు ఉండటం మామూలే. తయారైన తేదీ చూడండి, రెండేళ్లు మూలన పడి ఉన్నది కొత్తది కాదు. పాత పెట్టెలో కొత్త సెల్స్ అతికించి ఇస్తామనే చోటికి పోకండి. ఎవరి పనితనాన్నీ తక్కువ చేయడం లేదు. కానీ సెల్స్ ఒకదానితో ఒకటి సరితూగకపోతే, కాపలా కాసే బోర్డును ఏమార్చి పెడితే, ఆ పెట్టె మన పిల్లల ఒళ్లో ఉంటుంది.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, మన ఇళ్లలో మూలమూలా నూలు ఉంటుంది. ఒక పక్క బాబిన్ల బుట్టలు, ఇంకో పక్క టవళ్ల దొంతరలు, పైన పీచు పట్టిన వైర్లు. అంతా అంటుకోవడానికి ఉబ్బిన బ్యాటరీ ఒక్కటి చాలు. గుర్తులు చెబుతాను. కీబోర్డు కింద వేలు పెట్టి జరిపే పలక, అంటే టచ్‌ప్యాడ్, పైకి లేస్తుంది, లేదా నొక్కితే టిక్కుమనదు. మిషన్ బల్ల మీద పెడితే నాలుగు కాళ్ల మీద నిలవకుండా ఊగుతుంది. అడుగు మూత అంచు దగ్గర సందు పడుతుంది. వీటిలో ఏది కనిపించినా చార్జర్ పీకేయండి, ఆఫ్ చేయండి, నూలుకు దూరంగా బండ మీద పెట్టండి. దాన్ని అదిమి మూత బిగించొద్దు. గాలి తీద్దామని సూదితో పొడవొద్దు, లోపలున్నది మామూలు గాలి కాదు, గాలి సోకితే అంటుకునే సరుకు. పొగ వచ్చిందంటే ముందు మనుషులు బయటికి, తర్వాత మెయిన్ ఆఫ్, తర్వాత 101కి ఫోన్. ఆ పొగ పీల్చకూడదు. రాత్రి పడుకునేటప్పుడు పరుపు మీద, దుప్పటి కింద చార్జింగ్ పెట్టే అలవాటు ఉన్నవాళ్లు ఈ రాత్రి నుంచే మానేయండి. అమ్మలూ, అక్కలూ, ఈ ఒక్క విషయంలో పిల్లల మాట వినకండి.

సెలవుల్లో ఊరికి, సిరిసిల్లకో కరీంనగర్‌కో పోయి నెలరోజులు మిషన్ ముట్టరనుకోండి, సగం ఎక్కించి, ఆఫ్ చేసి, రేకుల కింద అటక మీద కాకుండా కింద చల్లని గదిలో పెట్టి పొండి.

పాత బ్యాటరీని చెత్తబండిలో వేయొద్దు. బండిలో నలిగి అంటుకుంటే, దాన్ని ఎత్తే మనిషి చేతులు కాలుతాయి, ఆ మనిషి కూడా మన పేటవాడే. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం, అమ్మిన బ్యాటరీలను తిరిగి తీసుకునే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత తయారీదారుదే. బ్యాటరీ మీద గీత కొట్టిన చెత్తబుట్ట గుర్తు ఉండేది చెత్తలో వేయొద్దని చెప్పడానికే. కొత్త బ్యాటరీ కొన్న షాపులోనే పాతది తీసుకొమ్మని అడగండి. ఇచ్చే ముందు దాని లోహపు కొనల మీద సెల్లోటేపు అంటించండి, సంచిలో తాళాలూ చిల్లరా తగిలి షార్ట్ కాకుండా.

రిపేరుకు వచ్చేటప్పుడు మీ దగ్గర నాలుగు సంగతులు రాసి ఉంటే మీకూ, మాకూ సగం పని తగ్గుతుంది. అడాప్టర్ చీటీ మీది వోల్టులు, ఆంపియర్లు. దీపం ఎప్పుడు ఆరుతోంది. ఏ అంకె దగ్గర ఆగుతోంది. బ్యాటరీ రిపోర్టులోని రెండు అంకెలు. అడాప్టర్‌ను ఇంట్లో వదిలి రాకండి, వెంట తీసుకురండి.